మ్యాపులో మన వాడ ఏది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, ఏం రాయాలి అని అడిగాను. "మీ ఇష్టం అన్నా, మన పోరగాళ్ళకు పనికొచ్చేది రాయుండ్రి" అన్నారు. అప్పటికే నా మనసులో ఒక మాట నలుగుతోంది. కిందటిసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక పెద్దాయన మైకు ముందు నిలబడి, "ఇప్పటి పిల్లలకు చేతిలో ఫోన్ లేకుంటే పక్క బజారుకు కూడా దారి తెల్వది. మా కాలంల నలుగురిని అడుక్కుంట ఎక్కడికైనా పోయి వచ్చేటోళ్ళం" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికి వెళ్ళాక ఆలోచిస్తే ఆ చప్పట్లు తొందరపడి కొట్టాననిపించింది. నలుగురిని అడగడం అనేది అందరికీ ఒకే రకంగా జరిగిందా? ముఖ్యంగా మనకు?

నా సంగతే చెబుతాను. 1998లో ఆరో తరగతిలో చేర్పించడానికి మా నాయిన నన్ను సూర్యాపేట తీసుకొచ్చాడు. నెత్తిన రేకు పెట్టె, చంకలో నా చాప. బస్టాండు బయట ఒక దుకాణం దగ్గర ఆగి హాస్టల్‌కు దారి అడిగాడు. దుకాణమాయన మర్యాదగానే, "ఏ హాస్టల్ పెద్దాయనా? బీసీ హాస్టలా, ఎస్సీ హాస్టలా?" అన్నాడు. మా నాయిన గొంతు తగ్గించి, "ఎస్సీది సారూ" అన్నాడు. "గటు పో" అని చెయ్యి చూపించి ఆయన బేరంలో పడ్డాడు. తిట్టలేదు, కొట్టలేదు. 'పెద్దాయనా' అనే మాట ఒక్కటే మధ్యలో రాలిపోయింది. పదకొండేళ్ళ పిల్లవాడికి కూడా అది తెలిసింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళల్లో దారి అడిగాను. "ఎవరింటికి?" అని మొదలుపెట్టి "ఎవరోళ్ళు మీరు?" దాకా వస్తారు. దారి అడిగితే కులం చెప్పాలి. ఇది మన హాస్టల్‌లో చదివిన ప్రతివాడికీ అనుభవమే.

2013లో ఒక ఉద్యోగ పరీక్ష రాయడానికి హైదరాబాద్ వెళ్ళాను. సెంటర్ ఎక్కడో శివార్లలో పడింది. తక్కువ ధర స్మార్ట్‌ఫోన్ అప్పుడే కొన్నాను. మ్యాపు తెరిచి, నీలం చుక్క వెంట నడుస్తూ, ఒక్క మనిషిని కూడా అడగకుండా పరీక్ష హాలు గేటు దాకా చేరాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పరీక్ష బాగా రాసినందుకు కాదు (బాగా రాయలేదు కూడా). నేను ఎవరో ఎవరికీ చెప్పకుండా ఒక నగరం దాటాను, అదీ నా సంతోషం. అయితే ఈ స్వేచ్ఛ గేటు దాకే. కిరాయికి గది కోసం వెళ్ళి చూడండి, గేటు లోపల ఇంటి ఓనరు అడిగే ప్రశ్నకు ఏ ఉపగ్రహమూ సాయం రాదు.

అందుకే ఫోన్ మ్యాపును తిట్టేవాళ్ళ గుంపులో నేను చేరను. కానీ దాన్ని గుడ్డిగా నమ్మేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ముందు అది ఎట్లా పనిచేస్తుందో మనవాళ్ళు సరిగ్గా తెలుసుకోవాలి. చాలామంది తమ్ముళ్ళు జీపీఎస్, ఇంటర్నెట్ ఒకటే అనుకుంటున్నారు. కాదు. జీపీఎస్ అమెరికా సైన్యం కట్టుకున్న ఉపగ్రహాల వ్యవస్థ. దాని మొదటి ఉపగ్రహం 1978లో పైకి వెళ్ళింది, 1995కు వ్యవస్థ పూర్తయింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ముప్పై దాకా ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. అవి మనల్ని చూడవు, మన మాట వినవు. "ఇప్పుడు సమయం ఇంత, నేను ఇక్కడున్నాను" అని చాటింపు మాత్రం వేస్తుంటాయి. మన ఫోన్ ఆ చాటింపును వింటుంది. ఏ ఉపగ్రహం నుంచి సంకేతం రావడానికి ఎంత సమయం పట్టిందో లెక్కగట్టి దూరం తీస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనం నిలబడ్డ చోటు తేలుతుంది. సంకేతం కాంతి వేగంతో వస్తుంది గనుక సెకనులో పదిలక్షవ వంతు తేడా వచ్చినా నేల మీద 300 మీటర్ల తప్పు వస్తుంది. అందుకే ఒక్కో ఉపగ్రహంలో పరమాణు గడియారాలు పెట్టారు.

2000 సంవత్సరం మే నెల దాకా అమెరికా తన సైన్యానికి సరైన సంకేతం ఉంచుకొని, మామూలు జనానికి కావాలనే చెడగొట్టిన సంకేతం ఇచ్చింది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ నెలలో ఆ పద్ధతి తీసేశాకే ఈ వ్యవస్థ డ్రైవర్లకు, రైతులకు, మనకు అక్కరకొచ్చింది. ఇంకొకరి దయ మీద ఎన్నాళ్ళు అని మన ఇస్రో కూడా 2013 జులైలో సొంత వ్యవస్థకు మొదటి ఉపగ్రహం పంపింది. 2016లో దానికి నావిక్ అని పేరు పెట్టారు.

ఈ చాటింపు వినడానికి ఫోన్‌కు డేటా అక్కర్లేదు, సిమ్ కూడా అక్కర్లేదు. డేటా కావలసింది మ్యాపు బొమ్మ తెచ్చుకోవడానికి. దామరచర్ల అవతల తండాల్లోనో, మఠంపల్లి దాటాకనో సిగ్నల్ పోయినప్పుడు నీలం చుక్క ఉంటుంది, కింద బొమ్మ ఉండదు. తెల్ల కాగితం మీద చుక్క పెట్టినట్టు. కాబట్టి బయలుదేరే ముందే ఆ ప్రాంతం మ్యాపును ఆఫ్‌లైన్‌లో దింపుకోవాలి. ఆరుబయట ఆకాశం కనిపించే చోట ఫోన్ చూపే స్థానంలో అయిదు మీటర్ల దాకా తేడా ఉంటుంది. స్లాబు ఇంట్లో, ఎత్తైన మేడల మధ్య ఇంకా ఎక్కువే. లొకేషన్ పంపేటప్పుడు ఇంట్లోంచి బయటికొచ్చి, ఆకాశం కింద ఒక నిమిషం నిలబడి పంపండి. ఈ చిన్న సంగతి తెలియకపోవడం వల్ల మా ఇంట్లో ఏమైందో ఇప్పుడు చెబుతాను.

సాగర్ ఎడమ కాల్వ పనులు జరిగినప్పుడు మా ఊరు ఒక గట్టున, మా వాడ ఇంకో గట్టున పడ్డాయి. ఊరి పేరు రాయను, మిర్యాలగూడకు, కోదాడకు మధ్య ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. ఊరి వైపు తారు రోడ్డు. మా వైపు కట్ట మీద మట్టి బాట. మధ్యలో నిండు కాల్వ. వంతెన మూడు కిలోమీటర్ల కింద. 2019 వానాకాలం, రాత్రి పదకొండు దాటింది. పొలానికి నీళ్ళు పెట్టి వచ్చి వాకిట్లో పడుకున్న మా చిన్నాయినను కట్లపాము కరిచింది. మా తమ్ముడు అంబులెన్స్‌కు ఫోన్ చేసి, ఇంట్లో మంచం పక్కనే కూర్చొని డ్రైవర్ ఫోన్‌కు లొకేషన్ పంపాడు. మట్టి బాట మ్యాపులో లేదు. మ్యాపుకు తెలిసిన రోడ్లలో మా ఇంటికి దగ్గరిది అవతలి గట్టు తారు రోడ్డే. అది డ్రైవర్‌ను సరిగ్గా అక్కడికే తీసుకొచ్చి, "మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అని చెప్పి ఊరుకుంది.

"ఎక్కడున్నరు మీరు?" అని డ్రైవర్ ఫోన్.

"కాల్వ అవతల ఉన్నం అన్నా. గీ టార్చి లైటు కనవడుతుందా?"

"కనవడుతుంది గని రావాలంటే ఎట్ల?"

అరుస్తే వినిపించేంత దగ్గర. ఆయన లైటు మాకు కనిపిస్తోంది, మా లైటు ఆయనకు కనిపిస్తోంది. మనిషికి కనురెప్పలు వాలిపోతున్నాయి. చివరికి మావాడొకడు కట్ట మీద వంతెన దాకా పరుగెత్తాడు, డ్రైవర్ అటువైపు నుంచి వంతెన దగ్గరికి వచ్చాడు, వీడు బండెక్కి చీకట్లో బాట చూపించాడు. నలభై నిమిషాలు పోయాయి. చిన్నాయిన వారం రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి వచ్చాడు. ఇంకో పావుగంట అయితే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు డాక్టర్లు. డ్రైవర్‌ది తప్పు కాదు. ఉపగ్రహాలదీ తప్పు కాదు, అవి మేమున్న చోటును ఇంచుమించు సరిగ్గానే చెప్పాయి. మ్యాపు గీసినవాళ్ళకు మా బాట తెలియదు. అసలు అక్కడ మనుషులున్నారన్న సంగతే ఆ మ్యాపులో లేదు. మ్యాపులో మా వాడ ఉన్న చోట ఒక పేరు లేని ఖాళీ.

ఎందుకు లేదు? మ్యాపులు గీసేవాళ్ళు ఎక్కువగా బండ్లు తిరిగే దారుల వెంట, వ్యాపారం జరిగే చోట్ల వెంట పోతారు. జాతీయ రహదారి 65 మీద ప్రతి హోటలూ, ప్రతి పెట్రోలు బంకూ మ్యాపులో ఉంది. మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్ మిల్లులు పేర్లతో సహా ఉన్నాయి. ఆ మిల్లులో బస్తాలు మోసే మనిషి ఇంటికి వెళ్ళే దారి కోసం వెతకండి.

ఇది ఫోన్లతో మొదలైన సంగతి కాదు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే ఇంగ్లీషు అధికారి మొదలుపెట్టిన మహా సర్వే నిజాం రాజ్యంలోకీ వచ్చింది. అతని కింద పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరం పడి, కోలుకోవడానికి దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. 1865లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి అతని పేరు పెట్టారు. అతని వెనక గొలుసులు మోసి, జెండాలు పట్టుకొని గుట్టలెక్కి, అదే జ్వరంతో మంచం పట్టిన మన కూలీల పేర్లు మాత్రం ఏ గుట్టకూ పెట్టలేదు.

అంత దూరం ఎందుకు, మా తాత మస్కూరి పని చేసేవాడు. పట్వారి ఊరు కొలవడానికి వస్తే గొలుసు కొస పట్టుకునేది మా తాతే. ఏ హద్దురాయి ఏ తుమ్మచెట్టు కింద ఉందో, ఏ ఒర్రె వానాకాలంలో ఎక్కడ దాటాలో, పక్క ఊరి శివారు ఏ బండ దగ్గర మొదలవుతుందో ఆయనకు కళ్ళు మూసుకొని తెలుసు. ఇద్దరు పట్టాదారులు గెట్టు కోసం కొట్లాడుకుంటే ఆయన్నే పిలిపించి అడిగేవారట. కానీ నక్షా మాత్రం పట్వారి ఇంట్లో సందూకులో ఉండేది. మా తాత దాన్ని ముట్టుకున్నవాడు కాదు, చదవగలిగినవాడూ కాదు. దారి తెలిసినవాడు మనవాడు, నక్షా గీసినవాడు ఇంకొకడు. ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్ ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చింది. ఈ మాట చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

నక్షా గీసేవాడి చేతిలో ఎంత బలముందో మన తండాల తమ్ముళ్ళకు బాగా తెలుసు. పోడు భూముల సర్వే జీపీఎస్‌తోనే జరిగింది, 2023 జూన్ 30 నుంచి పట్టాలు పంచారు. ఆ పరికరం పట్టుకున్న మనిషి చేను గట్టు చుట్టూ పూర్తిగా తిరిగితే ఒక లెక్క, ఎండకు ఓర్వలేక సగంలో మలిగితే ఇంకో లెక్క. పరికరం అబద్ధం చెప్పదు. తాను నడిచిన చోటునే చెబుతుంది. పక్కన మనవాడొకడు ఫోన్ పట్టుకొని అదే గట్టు మీద నడిచి ఉంటే ఆ లెక్కను అడిగే హక్కు మనకు దొరుకుతుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం లైసెన్స్ సర్వేయర్లకు శిక్షణ పెట్టింది. మన హాస్టల్ నుంచి డిప్లొమా, ఇంజనీరింగ్ చదివిన తమ్ముళ్ళు ఇటువైపు చూడాలి. గొలుసు కొస పట్టుకున్నవాళ్ళ మనవలు ఇప్పుడు రోవర్ పట్టుకుంటే ఎవరు కాదంటారు?

ఇక గుడ్డి నమ్మకం సంగతి. ఫోన్ మ్యాపు రోడ్డును చూసి చెప్పదు. ఆ రోడ్డు మీద కదులుతున్న ఇతర ఫోన్ల వేగాన్ని చూసి చెబుతుంది. ఫోన్లు నెమ్మదిగా కదిలితే ఎర్ర గీత, వేగంగా కదిలితే ఆకుపచ్చ గీత. ఎవరూ లేని రోడ్డు ఎందుకు ఖాళీగా ఉందో దానికి వెంటనే తెలియదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర సంగతి చూడండి. రెండేళ్ళకోసారి లింగమంతుల స్వామి దగ్గరికి లక్షల జనం వస్తారు. అప్పుడు పోలీసులు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే మలిపి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. 2023లోనూ 2025లోనూ అదే చేశారు. అలాంటి రోజున పోలీసాయన చెయ్యి అటు చూపిస్తుంటే, ఫోన్ మాత్రం ఇటే పొమ్మని మొండికేయవచ్చు. ఎవరి మాట వినాలో వేరే చెప్పాలా?

జాతరలో మహా అయితే ఆలస్యమవుతుంది. నీళ్ళతో అయితే ప్రాణాలు పోతాయి. 2024 సెప్టెంబర్ 1న కోదాడలో ఏం జరిగిందో ఇక్కడ చదువుతున్నవాళ్ళలో సగం మంది కళ్ళారా చూశారు. రాత్రికి రాత్రి వీధులు వాగులైనాయి. కార్లు కొట్టుకుపోయాయి, మనుషులు చనిపోయారు. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. సరిహద్దు దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్ళొచ్చి, హైదరాబాద్, విజయవాడ మధ్య బండ్లను మిర్యాలగూడ వైపు మళ్ళించాల్సి వచ్చింది. ఉపగ్రహం మీరు ఎక్కడున్నారో చెబుతుంది, మీ ముందున్న వాగు ఎంత లోతుందో చెప్పదు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ విహారానికి వెళ్ళిన నలుగురు రాత్రి వానలో మ్యాపు చూసుకుంటూ కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర కారును నేరుగా వాగులోకి నడిపారు. చుట్టుపక్కలవాళ్ళు సాయం చేయడంతో బతికి బయటపడ్డారు. నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో రామగంగ మీద సగం కట్టిన వంతెన ఎక్కిన కారులో ముగ్గురు బతకలేదు.

అన్నిటికన్నా నన్ను కలచివేసింది 2024 ఆగస్టులో వచ్చిన సౌదీ వార్త. కరీంనగర్ నుంచి బతుకుదెరువుకు వెళ్ళిన ఒక యువకుడు, అతనితో పాటు పనిచేసే సూడాన్ దేశస్థుడు రుబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పారు. జీపీఎస్ పనిచేయలేదు. బండిలో ఇంధనం అయిపోయింది, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. వెతికినవాళ్ళకు కొన్ని రోజుల తర్వాత బండి పక్కన శవాలు దొరికాయి. మన హాస్టల్‌లో చదివినవాళ్ళు, మన అన్నదమ్ములు, బావలు ఎంతమంది గల్ఫ్‌లో డ్రైవర్లుగా, టవర్ పనుల్లో ఉన్నారు! వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. కొత్త చోటికి బయలుదేరే ముందు ఎటు పోతున్నావో, ఎన్ని గంటలకు వస్తావో క్యాంపులో ఒక మనిషికి చెప్పిపో. మ్యాపు దింపుకొని పో. చార్జింగ్ డబ్బా, తాగే నీళ్ళు లెక్కకు మించి పెట్టుకో. బండి ఆగిపోతే దాన్ని విడిచి నడవకు, వెతికేవాళ్ళకు మనిషి కన్నా బండే ముందు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రతిపాదనకు వస్తాను. మన హాస్టళ్ళలో ఉన్న పిల్లలు ఏ ఊరి నుంచి వచ్చారు? ప్రతి ఊరి చివరి వాడ నుంచి, ప్రతి తండా నుంచి. మ్యాపులో ఎక్కడెక్కడ ఖాళీ ఉందో సరిగ్గా అక్కడి నుంచి. ఈ వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు తమ వాడను మ్యాపులో ఎక్కించాలని నా కోరిక. వాడకు వచ్చే బాట, వాడ పేరు, బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ళ ట్యాంకు, అంబేద్కర్ విగ్రహం, మన శ్మశానం. శ్మశానం తప్పకుండా రాయండి. హద్దు లేని శ్మశానాలు ఎట్లా మాయమవుతున్నాయో మీకు తెలుసు. గూగుల్ మ్యాపులో ఎవరైనా మార్పులు సూచించవచ్చు, వాళ్ళు చూసి ఒప్పుకుంటే ఎక్కుతుంది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని 2004లో ఇంగ్లండులో మొదలైన మ్యాపు ఒకటుంది. అది ఎవరి సొత్తూ కాదు, ఖాతా తెరిచి నేరుగా మనమే గీయవచ్చు. ఇందులో చట్టానికి భయపడాల్సింది లేదు. మ్యాపులు చేయడానికి మన దేశస్థులకు ముందస్తు అనుమతి అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వమే 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. సైన్యం స్థావరాల వంటి వాటికి వేరే నియమాలున్నాయి, వాటి జోలికి మనం పోము.

పేరు దగ్గర పేచీ వస్తుంది. వచ్చింది కూడా. మా వాడను మ్యాపులో ఏమని రాయాలి? ఊరోళ్ళు పిలిచే పేరు కులం పేరు. మా ముసలోళ్ళలో కొందరు, "గదే రాయి, దాచుకునుడెందుకు?" అన్నారు. చదువుకున్న ఆడపిల్లలు, "వద్దన్నా, మా సర్టిఫికెట్లల్ల ఉన్నది చాలదా? ప్రపంచమంతా చూసే ఫోన్ల కూడా ఉండాల్నా?" అన్నారు. నాకు రెండు మాటల్లోనూ న్యాయం కనిపించింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబర్‌లో కులాల పేర్లతో ఉన్న బస్తీల పేర్లు మార్చాలని నిర్ణయించింది. తమిళనాడులో 2025లో అలాంటి ఉత్తర్వులే వచ్చాయి. నేను ఆడపిల్లల పక్షానే ఓటు వేశాను. చివరికి అంబేద్కర్ నగర్ అనుకున్నాం. అప్పుడు ఇంకో చిక్కు. మన మూడు పట్టణాల చుట్టూ ఎన్ని అంబేద్కర్ నగర్‌లున్నాయో లెక్కపెట్టండి! అంబులెన్స్ డ్రైవర్‌కు అంబేద్కర్ నగర్ అని చెబితే ఏ మండలానికి పోతాడు? కోదాడ పక్కన చిలుకూరు మండలం ఉంది. ఒక పెళ్ళికి హైదరాబాద్ నుంచి బయలుదేరిన మా మిత్రుడు ఫోన్‌లో చిలుకూరు అని కొట్టి, వచ్చిన మొదటి పేరు నొక్కి, బాలాజీ గుడికి దారి పట్టాడు. పెళ్ళి అయిపోయి పప్పన్నం వడ్డించేటప్పుడు వచ్చాడు. కాబట్టి వాడ పేరు పక్కన ఊరి పేరు కలిపి రాయండి. మహనీయుల పేర్లే పెట్టాలనుకుంటే అందరూ ఒక్కరి పేరే కాకుండా భాగ్యరెడ్డి వర్మ, జ్యోతిబా ఫూలే, సావిత్రిబాయి పేర్లు కూడా ఆలోచించండి. మన వాడలోనే గతంలో మంచి పని చేసి పోయిన ఒక అవ్వ పేరైతే ఇంకా మంచిది, ఆ పేరు ఇంకో ఊరికి ఉండదు. ఏదైనా వాడంతా కూర్చొని అనుకొని రాయాలి, ఫోన్ ఉన్న పిల్లవాడు ఒక్కడే రాయకూడదు.

2025లో తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి డిజిపిన్ అనే పద్ధతి తెచ్చాయి. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి ప్రతి గడికి పది అక్షరాల, అంకెల గుర్తు ఇచ్చారు. మన గుడిసెకూ ఒక గుర్తు, పట్నంలో మేడకూ ఒక గుర్తు. అందులో కులం లేదు, ఊరవతల అనేది లేదు. చాలా మంచిది, రాసి తలుపు వెనక అంటించుకోండి, ఆపదలో పనికొస్తుంది. అయినా నాకు అది చాలదు. ఖైదీకి కూడా నంబరుంటుంది. మనుషులున్న చోటుకు పేరుండాలి.

మ్యాపులో ఎక్కితే భూములు కాజేసేవాళ్ళకు దారి చూపినట్టు కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. వాళ్ళకు దారి ఎప్పుడూ తెలుసు. అంబులెన్స్‌కే తెలియదు. అయితే ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరి ఇల్లు ఏది అనేవి మ్యాపులో రాయొద్దు. మన చెల్లెళ్ళు తాము ఎక్కడున్నారో క్షణక్షణం చూపించే లైవ్ లొకేషన్‌ను ఇంట్లో నమ్మకమైన ఒకరిద్దరికి తప్ప గ్రూపుల్లో పెట్టొద్దు. పని అయిపోగానే ఆపేయాలి.

పూర్వ విద్యార్థుల నుంచి ఖర్చేమీ అడగడం లేదు. సెలవుల్లో పిల్లలకు తమ ఫోన్ ఒక పూట ఇచ్చి, వాళ్ళ వెంట వాడ చుట్టూ ఒకసారి నడిస్తే చాలు. ముసలోళ్ళను కూడా వెంట తీసుకుపోండి. ఏ ఒర్రెను ఏమంటారో, ఏ బావి ఎవరు తవ్వారో వాళ్ళకే తెలుసు. మా తాత బతికి ఉంటే నేను ఆయన వెంట వెళ్ళేవాణ్ణి. జూన్‌లో హాస్టల్ తెరిచాక వరండా గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, ఎవరి వాడ ఎక్కిందో వాళ్ళు పేరు రాయాలి. వార్డెన్ సారును అడిగాను, గోడ ఇస్తానన్నారు.

మా వాడ సంగతి చెప్పి ముగిస్తాను. నేను పంపిన సవరణను ఒక మ్యాపువాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి కాల్వ కట్ట మీద నిలబడి తీసిన ఫోటోలు జతచేస్తే ఒప్పుకున్నారు. ఇప్పుడు వంతెన నుంచి మట్టి బాట, వాడ పేరు కనిపిస్తున్నాయి. పేరులో ఒక దీర్ఘం తప్పుపడింది, మళ్ళీ రాశాను. పోయిన ఆదివారం చిన్నాయినకు ఫోన్‌లో చూపించాను. కళ్ళద్దాలు పైకి నెట్టుకొని చాలాసేపు చూసి, "గీ చుక్క మన ఇల్లేనా, కోళ్ళగూడారా?" అని అడిగాడు. నిజంగానే కోళ్ళగూడు మీద పడింది. అయిదు మీటర్లు అటూ ఇటూ అవుతుందని చెప్పాను. "అయితే అయింది గని, కాల్వ ఇవతలనే ఉన్నది కదా" అన్నాడు.